షార్టేజ్ పేరుతో జీతంలో కోత

ప్రశ్న: నేను విశాఖ ద్వారకానగర్‌లో ఒక పెద్ద దుస్తుల సంస్థ షోరూమ్‌లో నాలుగేళ్ల నాలుగు నెలలుగా సేల్స్‌లో పని చేస్తున్నాను. కిందటి నెల స్టాక్ ఆడిట్‌లో మా పిల్లల బట్టల ఫ్లోర్‌లో 13,800 రూపాయల సరుకు తక్కువ వచ్చిందని, ఫ్లోర్‌లో ఉన్న పన్నెండు మందికీ తలా 1,150 చొప్పున జీతంలో కోశారు. పేస్లిప్‌లో ‘ఇతర మినహాయింపులు’ అని తప్ప మరేమీ రాయలేదు. రెండు ఆడిట్ల మధ్య ఒక నెలంతా నేను మా అమ్మగారి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నాను. ఆ మాట చెబితే, చేరిన రోజు సంతకం పెట్టిన కాగితంలో ఇదంతా ఉందని మేనేజర్ గారు అన్నారు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి, మధ్యలో గంట భోజన విరామం, వారానికి ఒక సెలవు. మానేద్దామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: అమ్మా, మానేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 1,150 రూపాయల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ నెల ఊరుకుంటే వచ్చే ఆడిట్‌కు అదే ఆనవాయితీ అవుతుంది.

సరుకు పోయిందని జీతంలో కోయడానికి చట్టం అవకాశం ఇస్తుంది గానీ, దానికి గట్టి షరతులు పెట్టింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పిన మాటనే దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా చెబుతోంది: ఆ సరుకును ప్రత్యేకించి మీ చేతికి అప్పగించి ఉండాలి, అది పోవడానికి నేరుగా మీ నిర్లక్ష్యమే కారణమై ఉండాలి, కోత జరిగిన నష్టాన్ని మించకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా, కోయడానికి ముందే మీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పన్నెండు మందికీ సమానంగా పంచారంటే ఎవరి తప్పో తేల్చలేదని వాళ్లే ఒప్పుకున్నట్లు. మీరు సంతకం పెట్టిన కాగితం ఇక్కడ అడ్డు రాదు, చట్టం ప్రకారం రావలసిన వేతనాన్ని వదులుకునే ఒప్పందం చెల్లదు.

షార్టేజ్ అనగానే దొంగతనమే అనుకోవడం కూడా సరికాదు. రాత్రిపూట లారీ నుంచి దిగిన అట్టపెట్టెలను విప్పి లెక్క పెట్టకుండానే చలాన్ మీద సంతకం చేస్తారు. సీజన్ రద్దీలో బిల్లింగ్ కౌంటర్‌లో ఒకే రంగు చొక్కాను రెండుసార్లు స్కాన్ చేసి, రెండో రంగును అలాగే సంచీలో వేస్తారు. ఒక బ్రాంచ్‌లో కొన్నది మరో బ్రాంచ్‌లో మార్చుకుంటే లెక్క ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతుంది. ఇందులో ఏ ఒక్కటీ పిల్లల గౌన్లు మడతపెట్టే మనిషి చేతిలో లేదు. కాబట్టి మీ ఉత్తరంలో ఏయే బార్‌కోడ్‌ల సరుకు తగ్గింది, కిందటి ఆడిట్ ఏ తేదీన జరిగింది, వచ్చిన సరుకును ఎవరు లెక్కపెట్టారు అన్న మూడు విషయాలు అడగండి. మీ సెలవు తేదీలు రాయండి. కోత కోసిన సొమ్ము తిరిగి ఇవ్వమని కోరండి. హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపినా చాలు, వాట్సాప్ గ్రూపులో మాత్రం గొడవ పెట్టుకోవద్దు. పన్నెండు మందిలో నలుగురైదుగురు కలిసి సంతకాలు చేస్తే ఆ ఉత్తరానికి బలం వేరు. జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు, వేతనాల కోడ్ కింద ఇందుకు మూడేళ్ల గడువుంది.

మీరు చెప్పిన వేళల ప్రకారం భోజన విరామం తీసేసినా వారానికి 63 గంటలు పని చేస్తున్నారు. మన ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 వారానికి 48 గంటలే అంటుంది, ఆపైన చేసిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. అంటే ఏడాది పొడుగునా వారానికి పదిహేను గంటల బాకీ! షార్టేజ్ లెక్క అంత ఖచ్చితంగా వేసేవారికి ఈ లెక్క కనబడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇక నిలబడడం. ఈమధ్య ఒక షోరూమ్‌లో చీరల బేరం నడుస్తుండగా, కౌంటర్ వెనక అమ్మాయి చెప్పు విడిచి, వాచిన పాదాన్ని చల్లటి టైలు మీద ఆనించి, మేనేజర్ తల తిప్పగానే మళ్లీ తొడుక్కోవడం చూశాను. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పని చేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళ, ఆ తర్వాత 2021లో తమిళనాడు, దుకాణాల్లో కూర్చునే ఏర్పాటును చట్టంలో చేర్చాయి. గిరాకీ లేని వేళ కూర్చోవడానికి ఫ్లోర్‌కు రెండు స్టూళ్లయినా వేయమని అదే ఉత్తరంలో అడగండి.

మానేయడం గురించి: ఇప్పుడే వద్దంటాను. అయిదేళ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. మూలవేతనం, కరువుభత్యం కలిపి 12,000 ఉందనుకుంటే అయిదేళ్లకు సుమారు 34,600 రూపాయలు. ఎనిమిది నెలల కోసం దాన్ని వదులుకోకండి. ఆ తర్వాత మానేసినా, రాజీనామా చేసిన రెండు పనిదినాల్లో జీతం బాకీ తీర్చాలని కోడ్ చెబుతోంది.

ప్రశ్న: గాజువాకలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో రెండేళ్లుగా టీవీలు అమ్ముతున్నాను. జీతం ఏజెన్సీ ఇస్తుంది. పీఎఫ్ కోస్తున్నారు గానీ ఖాతాలో పడడం లేదు. షోరూమ్ వాళ్లు ‘నువ్వు మా మనిషివి కాదు’ అంటున్నారు.
— ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: బాబూ, యూనిఫామ్ మీది పేరు కాదు, పేస్లిప్ మీది పేరు చూడు. అక్కడ ఏజెన్సీ పేరుంటే మొదటి బాధ్యత దానిదే. అయితే కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్న ఉద్యోగుల పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) చందాలకు అసలు యజమాని కూడా బాధ్యుడే, కాబట్టి ‘మా మనిషివి కాదు’ అని తప్పించుకోవడం అంత సులువు కాదు. ఏజెన్సీతో ఒప్పందం షోరూమ్‌ది కాక టీవీ కంపెనీది అయితే, ఆ అసలు యజమాని టీవీ కంపెనీ అవుతుంది. అందుకే నియామక పత్రం కాపీ ముందు సంపాదించు.

ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ నంబరుతో (ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబరు) పాస్‌బుక్ తెరిచి, ఏయే నెలల సొమ్ము పడలేదో పేస్లిప్‌లతో సరిచూడు. ఆ కాగితాలు జతచేసి పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు పంపు. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కార్డు కూడా అడుగు. కార్డు ఉంటే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో ఇంట్లోవాళ్లకూ వైద్యం అందుతుంది. ఏజెన్సీ పేరు మార్చి మళ్లీ కొత్తగా చేరమంటే, పాత యూఏఎన్ నంబరే ఇవ్వు, కొత్తది తీసుకోకు.