పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు: చేతిపని, వినే పుస్తకాలు, సంఘ సేవ

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నీటికాసుల వల్ల మా అత్తగారికి రెండు కళ్లలోనూ చూపు బాగా తగ్గిపోయింది. పెద్దక్షరాల బైబిలు కూడా చదువుకోలేకపోతున్నారు. ఒకప్పుడు కథల పుస్తకం లేనిదే మధ్యాహ్నం నడుం వాల్చని మనిషి, ఇప్పుడు పగలంతా ఊరికే కూర్చుంటున్నారు. వంటపని అయ్యాక నేను క్రోషియా అల్లుకుంటాను. ఆ సమయంలో ఇద్దరం కలిసి వినడానికి ఉచితంగా దొరికే పుస్తకాలు ఏమైనా ఉన్నాయా? వాట్సాప్‌లో వచ్చే ఆడియోలు దొంగ కాపీలని మావారు వద్దంటున్నారు. పిల్లలేమో ఎవరి ఇయర్‌ఫోన్లు వారు పెట్టుకుంటారు. ఇంట్లో మాట కరువైంది.

సమాధానం: మీవారి అభ్యంతరం న్యాయమైనదే. రచయితను అడగకుండా ఎవరో చదివి పంచిపెట్టిన ఆడియోను వినవలసిన అవసరం మీకు లేదు, ఎందుకంటే సక్రమంగా, పైసా ఖర్చు లేకుండా వినదగినవి వేరే ఉన్నాయి. మొదట బైబిలు సంగతి చూద్దాం. తెలుగు లేఖనాలను చదివి వినిపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. వాటిలో ‘బైబిల్ డాట్ ఈజ్’ ఒకటి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే కావలసిన గ్రంథాలను దించి ఉంచుకుంటే, తరువాత నెట్ లేకపోయినా వినవచ్చు. మీ అత్తగారికి ఏ సువార్త ఎక్కువ ఇష్టమో ఆమెనే అడిగి, దానితో మొదలుపెట్టండి.

కథలకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది సుగమ్య పుస్తకాలయ. అచ్చు అక్షరాలు చదవలేనివారి కోసం 2016 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆన్‌లైన్ గ్రంథాలయం ఇది. చూపు లోపాన్ని ధ్రువీకరించే పత్రం ఉన్నవారు ఇందులో సభ్యులుగా చేరవచ్చు. కాపీరైటు ఉన్న పుస్తకాలు ఇందులో ఎలా ఉంటాయని మీవారికి మళ్లీ అనుమానం రావచ్చు. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, వైకల్యం ఉన్నవారు చదువుకోగల, వినగల రూపంలోకి పుస్తకాలను మార్చడానికి ప్రత్యేకంగా వెసులుబాటు కల్పించారు. కనుక మీ అత్తగారు అక్కడి పుస్తకాన్ని వినడం ఆమె హక్కు. కంటి డాక్టరు దగ్గరకు ఈసారి వెళ్లినప్పుడు ఆ ధ్రువపత్రం గురించి తప్పకుండా అడగండి. చూపు పోయిన పెద్దల విషయంలో మందుల చీటీ తప్ప మరే కాగితమూ అడగని కుటుంబాలే ఎక్కువ, అందువల్లనే ఇటువంటి సౌకర్యాలు చాలామందికి అందకుండా పోతున్నాయి.

రెండవది లిబ్రివాక్స్. దీనిని 2005లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో హ్యూ మెగ్వైర్ ప్రారంభించారు. కాపీరైటు గడువు తీరిన పుస్తకాలను ప్రపంచమంతటా స్వచ్ఛంద పాఠకులు చదివి రికార్డు చేస్తారు, వాటిని ఎవరైనా దించుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. ఇంగ్లిషు పుస్తకాలే అధికం కనుక ఇది మీ అత్తగారికంటే మీ పిల్లలకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒక సూచన: కొన్ని పుస్తకాలలో అధ్యాయానికి ఒకరు చొప్పున చదువుతారు, గొంతు మారినప్పుడల్లా యాస మారి పిల్లలకు కథ అందదు. అదే పుస్తకాన్ని మొదటినుంచి చివరివరకు ఒక్కరే చదివిన ప్రతి ఉన్నదేమో చూసి, దానిని ఎంచుకోండి. అక్కడ దొరికే చిన్న రకం, అంటే 64 కిలోబిట్ల ఫైలు గంటకు సుమారు 29 ఎంబీ మాత్రమే అవుతుంది, అందువల్ల చిన్న మెమరీ కార్డులోనూ పది పుస్తకాలు సులువుగా పడతాయి.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మీ అత్తగారు పుస్తకానికి దూరమైనట్లే పనికీ దూరమయ్యారు. మీరు అల్లుతూ ఉంటే ఆమె వట్టి చేతులతో పక్కన కూర్చోవడం మంచిది కాదు. చూపు తగ్గినా వేళ్లకు స్పర్శ ఉంటుంది. సన్నని నూలు దారం, సన్నని సూది ఆమెకు ఇవ్వకండి. లావు ఊలు, అంతకు తగిన లావు సూది తెచ్చి, మొదటి రెండు వరుసలు మీరే అల్లి ఆమె చేతికి అందించండి. లావు ఊలుతో లూపు ఎక్కడ ఉన్నదో బొటనవేలి కొసకే తెలిసిపోతుంది. అంచుకు వచ్చినట్లు తెలియడానికి రెండు చివరల్లోనూ ఒక్కొక్క పిన్నీసు గుచ్చి ఉంచితే చాలు. ఆమె అల్లేది మెడకు చుట్టుకునే మఫ్లరో, కాళ్లు తుడుచుకునే పట్టానో ఏదైనా కానివ్వండి. అల్లడం ఇష్టం లేదంటే దారం ఉండలు చుట్టే పని పూర్తిగా ఆమెకే అప్పగించండి, ఆ పని కోసం మీరు ఆమె మీద ఆధారపడండి.

వినే వేళకు తగిన పనిని ఎంచుకోవడంలో మీరూ జాగ్రత్త పడాలి. ఒకే వరుస మళ్లీ మళ్లీ వచ్చే అంచులు, చతురస్రాలు కథ వింటూ అల్లవచ్చు. వరుస వరుసకూ లెక్క మారే పువ్వుల డిజైను కథతోపాటు సాగదు. అటువంటి డిజైన్లను ఉదయం నిశ్శబ్దంగా ఉన్నప్పటికి దాచుకోండి. తప్పనిసరి అయితే పది వరుసలకొకసారి మొదటి లూపులో పిన్నీసు పెట్టుకుంటూ వెళ్లండి, లెక్క తప్పినా మొత్తం విప్పుకోవలసిన బాధ ఉండదు.

పిల్లల విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది. ఇయర్‌ఫోన్లను నిషేధిస్తే గొడవ తప్ప ఫలితం ఉండదు. రాత్రి భోజనాలయ్యాక ఒక అధ్యాయం, చిన్న స్పీకరులో, వసారాలో, అందరికీ వినబడేలా పెట్టండి. వినమని ఎవరినీ పిలవకండి. మధ్యలో ఆపి ‘తరువాత ఏమవుతుందంటావు?’ అని మీ అత్తగారిని పిల్లల ఎదుట అడగండి. ఆమె చదివిన పుస్తకాలు తక్కువేమీ కావు, చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంటుంది.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. మా సంఘంలో పంట పండుగకు, క్రిస్మసుకు స్త్రీల సమాజం తరఫున చేతిపనుల అమ్మకం పెడతాం. టేబుల్ క్లాతులు, దిండు గలీబులు, లేసు అంచులు నేనే ఎక్కువగా చేస్తాను. దారం డబ్బులు కూడా నావే. అమ్మకంలో వాటికి పెట్టే ధర చూస్తే బాధ కలుగుతోంది. ‘ఖాళీగా ఉన్నప్పుడు చేసిందేగా, దేవుని పనేగా’ అంటారు. అడిగితే విశ్వాసం లేనిదాన్ని అనుకుంటారేమో.

సమాధానం: అమ్మా, మీ బాధలో అవిశ్వాసం ఏమీ లేదు. ఇచ్చేది ఎంతో తెలిసి ఇవ్వడమే కానుక. ఇక్కడ మీ కానుక విలువ మీకు గాని, సమాజానికి గాని, కొన్నవారికి గాని తెలియడం లేదు, ఇబ్బంది అంతా అక్కడ ఉంది.

‘ఖాళీగా ఉన్నప్పుడు చేసింది’ అనే మాటకు మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. నరసాపురం లేసు అల్లిక మూలాలను 1844లో గోదావరి ప్రాంతానికి వచ్చిన స్కాట్లండు మిషనరీ దంపతులు మెక్రేలతో ముడిపెడతారు. మిషను ఆవరణల్లో పేద స్త్రీలు నేర్చుకున్న ఆ పని క్రమంగా విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా పెరిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ లేసు కార్మికుల మధ్య పరిశోధన చేసి 1982లో అధ్యయనాన్ని ప్రచురించారు. రోజులో అధికభాగం అల్లికలోనే గడిపే స్త్రీలను ‘ఇంటి దగ్గర తీరికగా కూర్చునే గృహిణులు’గా లెక్కవేయడం వల్లనే వారి కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె చూపారు. వ్యాపారి నోట వచ్చిన ఆ మాటే సంఘంలో మన నోట రావడం నాకు కష్టంగా తోస్తుంది.

కనుక ఇలా చేయండి. ప్రతి వస్తువుకు ఒక చిన్న చీటీ రాయండి. ఒక టేబుల్ క్లాతుకు దారం 120 రూపాయలు, పని 14 గంటలు అనుకుందాం. గంటకు 50 రూపాయలు మాత్రమే వేసుకున్నా పనికి 700, మొత్తం 820 అవుతుంది. దానిని 300కు అమ్మితే, మీరు దారంతో సహా 520 రూపాయలు సంఘానికి కాదు, కొన్నవారికి ఇచ్చారన్నమాట. ఈ లెక్కను స్త్రీల సమాజం కూటంలో, అధ్యక్షురాలి అనుమతితో, మీ ఒక్కరి వస్తువు గురించి కాక అందరి వస్తువుల గురించి పెట్టండి. దారం ఖర్చు అమ్మకపు డబ్బులోనుంచి ముందుగా తిరిగి ఇవ్వాలని, ఆ తరువాత మిగిలిన కష్టఫలాన్ని కానుకగా ఇవ్వడమా, కొంత ఉంచుకోవడమా అన్నది చేసినవారే నిర్ణయించుకోవాలని తీర్మానం కోరండి. మీ సమాజంలో ఈ అల్లిక మీద వచ్చే నాలుగు రూపాయలతో పిల్లల ఫీజు కట్టవలసిన సోదరి ఒకరు ఉండి ఉండవచ్చు, నోరు తెరిచి అడగలేని ఆమె కోసమైనా ఈ తీర్మానం అవసరం.

పంట పండుగ వేలంపాట గురించి ఒక మాట. గుమ్మడికాయకు, కోడిపుంజుకు పాట పెరిగినంతగా లేసు అంచుకు పెరగదు, ఎందుకంటే దాని వెనుక ఉన్న పని చూసేవారికి కనబడదు. పాట మొదలయ్యేముందు ఆ వస్తువుకు పట్టిన గంటలు ఎన్నో చదివి వినిపించమని పాస్టరు అయ్యగారిని కోరండి. మొదటి పాటను ఆ చీటీ మీది ధర దగ్గర మొదలుపెట్టమనండి.

ఇంకొక సలహా. అమ్మకం ఏడాది పొడవునా జరగదు, సంఘానికి వస్త్రాల అవసరం మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. ప్రభు భోజనపు బల్ల మీద పరచే గుడ్డలు క్రిస్మసుకు తెలుపు, లెంటు దినాలకు (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) ఊదా, పెంతెకొస్తుకు ఎరుపు అని కాలాన్ని బట్టి మార్చే సంప్రదాయం మీ సంఘంలో ఉంటే, వాటి అంచుల పని మీరు అడిగి తీసుకోండి. అటువంటి పనికి ధర ప్రసక్తి రాదు, మీ చేతిపని ఏళ్ల తరబడి ఆరాధనలో నిలుస్తుంది. ఇష్టంగా ఇచ్చేదానినీ, అమ్మకానికి చేసేదానినీ ఈ విధంగా వేరు చేసుకుంటే మీ మనసుకు ఊరట కలుగుతుందని నా నమ్మకం.

ప్రశ్న: వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) పిల్లలకు చేతిపనులు నేర్పే బాధ్యత నాకు ఇచ్చారు. ఎప్పుడూ థర్మోకోలు, మెరుపుల కాగితాలే. వేరే ఏమి చేయించవచ్చు? (గుంటూరు, అరండల్‌పేట)

సమాధానం: మే నెలలో ముంజలతోపాటు తాటాకు కూడా దొరుకుతుంది. ఆకును ముందురోజు రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచితే మడత దగ్గర చిట్లదు. మట్టల ఆదివారం నాడు పెద్దలు మడిచే సిలువ, చిన్న బుట్ట, చేప ఆకారం, ఇవన్నీ కత్తెర, జిగురు లేకుండా చేయవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలకు గోనెగుడ్డ మీద లావు సూదితో కాడకుట్టు, గొలుసుకుట్టు నేర్పండి, మగపిల్లలకు కూడా. చేతులు ఆడుతున్నంతసేపూ మీలో ఒకరు బైబిలు కథను గట్టిగా చదవండి, పిల్లలు వింటారు. బస్సు ఏర్పాటు చేయగలిగితే కొండపల్లికి ఒక పూట తీసుకువెళ్లండి. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేసే పని చూసిన పిల్లవాడు థర్మోకోలు అడగడు.

ప్రశ్న: నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. ఆరాధనకు రాలేని వృద్ధుల కోసం మా యవ్వనస్తులం కీర్తనలు, పాత తెలుగు కథలు చదివి రికార్డు చేసి ఇవ్వాలనుకుంటున్నాం. వేటిని చదవవచ్చు? ఎలా రికార్డు చేయాలి?

సమాధానం: మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి రచనలను మీరు నిస్సంకోచంగా చదవవచ్చు. ఎన్నో క్రైస్తవ కీర్తనలను మనకు ఇచ్చిన పురుషోత్తమ చౌదరి 1890లోనే ప్రభువునందు నిద్రించారు కనుక ఆయన సాహిత్యమూ అందరిదే. గుంటూరులో 1971లో మరణించిన జాషువా కవితలకు మాత్రం 2031 చివరి వరకు హక్కులు ఉంటాయి, వాటికి అనుమతి తీసుకోవాలి. బైబిలు అనువాదానికి దానిని ప్రచురించిన సంస్థను అడగండి. మరొక మెలిక ఉంది: కీర్తన పాతదైనా, ఎవరో పాడిన క్యాసెట్టు మీద ఆ రికార్డింగు హక్కు విడిగా ఉంటుంది, అందువల్ల దానిని కాపీ చేయక మీరే పాడండి.

రికార్డింగుకు ఫోను చాలు. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి, ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ల దగ్గర గాలి కొడుతుంది. ఫ్యాను ఆపక తప్పదు కాబట్టి తెల్లవారుజామున, పరుపులు, దుప్పట్లు ఉన్న చిన్న గదిలో చదవండి. తప్పులు తీసివేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీ రికార్డింగు లిబ్రివాక్స్‌కు కూడా పంపాలనుకుంటే వారి ప్రమాణం 128 కిలోబిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, మోనో; ఫైలును సేవ్ చేసేటప్పుడు ఆడాసిటీలో వీటిని ఎంచుకోండి. కొత్తవారు ముందుగా ఒక నిమిషం పరీక్షగా చదివి పంపితే లోపాలు చెబుతారు. వారు అమెరికా చట్టాన్ని అనుసరిస్తారు, అక్కడ పాత పుస్తకాలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క ఉంటుంది కనుక, పుస్తకం అచ్చయిన సంవత్సరాన్ని కూడా చూసుకోండి.

చదివేముందు ఆ పేజీని ఒకసారి మనసులో చదువుకోండి. పాత పుస్తకాలలో అరసున్నలు, సంధులు విరిచే చోట తడబాటు సహజం. వేగం తగ్గించండి, వినేవారు ఎనభై ఏళ్లవారు. ప్రతి ఫైలు మొదట్లో కీర్తన పేరు, చదివినవారి పేరు చెప్పండి, తమ ఎదుట పెరిగిన పిల్లల గొంతులను ఆ పెద్దలు గుర్తుపట్టాలి. మెమరీ కార్డు ఇచ్చి వెంటనే రాకుండా, బటన్ ఎక్కడ నొక్కాలో వారి వేలితోనే నొక్కించి, మొదటి కీర్తన పూర్తయ్యేవరకు వారితో కూర్చుని రండి.