ముద్దాయి ఎవరు, దోషి ఎప్పుడు?

సందేహం: మాస్టారూ, ఎవరినైనా అరెస్టు చేసిన రోజే టీవీల్లో "పోలీసుల విచారణలో నేరం ఒప్పుకున్న ముద్దాయి" అని గంటల తరబడి చూపిస్తున్నారు. ముద్దాయి అంటే నేరం చేసినవాడనేనా అర్థం? నిందితుడు, దోషి అనే మాటలతో దానికి తేడా ఏమిటి? కోర్టులో జరిగేదాన్ని లైవ్‌లో చూపిస్తే దాన్నీ విచారణే అనాలా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, ముందు ముద్దాయి సంగతి చూద్దాం. ఇది ఫారసీ వెంట మన కచేరీల్లోకి వచ్చిన అరబ్బీ మాట. శ్రీకాకుళం చికాకోలుగా ఫౌజుదారుల ఏలుబడిలో ఉన్న రోజుల్లో మన వైపు కాగితాలన్నీ ఈ మాటలతోనే నడిచాయి. దీని ధాతువుకు 'పిలవడం' అని అర్థం. విందుకు పిలిస్తే దావత్, దేవుణ్ణి పిలిస్తే దువా, హక్కు కోసం సర్కారును పిలిస్తే దావా. ఆ దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద వేశాడో ఆయన 'ముద్దా అలైహ్'. అంటే అసలు భాషలో ముద్దాయి ఫిర్యాదు చేసినవాడే! హిందీ, ఉర్దూల్లో ఇప్పటికీ అంతే. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అని వాళ్లకో సామెత ఉంది. దావా వేసినవాడు మందకొడిగా ఉంటే సాక్షి మహా హుషారుగా ఉన్నాడని దాని భావం.

తెలుగులోకి వచ్చేసరికి ఈ మాట బోనులోకి మారింది. ఎందుకు మారిందంటే నా ఊహ ఇది: మొరపెట్టుకున్నవాడికి 'ఫిర్యాది' అనే ఫారసీ మాట స్థిరపడిపోయింది. నోరు తిరగని 'ముద్దా అలైహ్' తోక తెగి, మిగిలిన ముద్దాయి ఎదుటి పక్షానికి చేరింది. ఎటు చేరినా ఈ మాటలో దావా ఉందే గానీ తీర్పు లేదు. ఇంట్లో ఆలస్యానికి సంజాయిషీ అడిగితే "నన్ను ముద్దాయిలా నిలబెట్టారు" అంటాం. తప్పు చేశానని ఒప్పుకుంటూ అనే మాట కాదది, నిలదీశారని బాధపడే మాట. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జనం మాట వినమని జీవితమంతా పోరాడారు. ఈ ఒక్క మాట విషయంలోనైనా వార్తలు చదివేవాళ్లు జనాన్ని వింటే బాగుండేది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది విచారణ. పోలీసులు ప్రశ్నించినా విచారణే, శాఖాపరమైన ఎంక్వైరీ విచారణే, కోర్టులో సాక్షుల్ని పరీక్షించినా విచారణే! పోలీసులు చేసేదానికి దర్యాప్తు అనే మంచి మాట ఉండగా ఈ గందరగోళం దేనికి? 'దర్‌యాఫ్త్' అంటే ఫారసీలో ఆరా తీసి తెలుసుకోవడం. అక్కడితో దాని పని అయిపోతుంది. రెండు పక్షాలూ విని మంచిచెడ్డలు తూచడం విచారణ. స్టేషన్లో జరిగినదాన్ని విచారణ అనేస్తే వినేవాడికి ఇక కోర్టులో తేలాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. పత్రికలు, ఎలక్ట్రానిక్ మీడియా, జనాందోళనలు జరిపే విచారణ చట్టబద్ధ పాలనకు పూర్తిగా విరుద్ధమని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. స్టూడియోలో నలుగురు కూర్చుని చేసేది చర్చ. దానికి వేరే పేరు అక్కర్లేదు.

ఇక 'ఒప్పుకున్నాడు' అన్నది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నదాన్ని అతని మీద నేరరుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 23వ సెక్షన్. జడ్జిగారు చూడకూడని కాగితాన్ని జిల్లా అంతటికీ చదివి వినిపిస్తే, రేపు సాక్ష్యం చాలక కేసు కొట్టేసినా ఆ మనిషిని వీధిలో ఎవరు నమ్ముతారు? నిష్పాక్షిక విచారణ రాజ్యాంగంలో ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణంలో భాగం. పత్రికల స్వేచ్ఛ నాకూ ముద్దే, కానీ ఒకరి ప్రాణమూ పరువూ దానికి పణం కాకూడదు.

నిందితుడు అంటే నింద పడ్డవాడు. అంతే. నింద వేసేది ఎదుటివాళ్లు. వినాయక చవితినాడు మనం ఇంటింటా చదువుకునే కథ ఇదే కదా! శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు ప్రచారం చేశాడు. కృష్ణుడు వాదనకు దిగలేదు. అడవికి వెళ్లి, ప్రసేనుణ్ణి చంపిన సింహం అడుగుల్నీ, ఆ సింహాన్ని చంపిన భల్లూకం అడుగుల్నీ జాడ పట్టి, జాంబవంతుడి గుహ దాకా పోయి మణి తెచ్చి చూపించాడు. అన్నాళ్లూ ఆయన నిందితుడే, ఒక్కనాడూ దోషి కాదు. నీలాపనింద అనే మాట మన ఇళ్లలో బతికి ఉండగా నిందితుడికీ దోషికీ తేడా తెలియదనడం తగదు.

దోషి, నేరస్థుడు అన్నవి తీర్పు తర్వాతి మాటలు. అప్పీలు నడుస్తుంటే? దోషి అనడం తప్పు కాదనే అనుకుంటాను, అయినా 'కింది కోర్టు దోషిగా తేల్చిన' అని రాస్తే నాకు మరింత నచ్చుతుంది. అరెస్టయినవాడికి నిందితుడు, కోర్టులో అభియోగాలు ఎదుర్కొంటున్నవాడికి ముద్దాయి అని నేను వాడతాను. అటూ ఇటూ మార్చి వాడేవాళ్లను తప్పుపట్టలేను.

లైవ్ సంగతి. సుప్రీంకోర్టులో రాజ్యాంగానికి సంబంధించిన పెద్ద ప్రశ్నలు తేల్చే రాజ్యాంగ ధర్మాసనాల ముందు జరిగేది 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతోంది. అక్కడ మాట్లాడేది లాయర్లు, కాబట్టి వాదనలు అనండి, చక్కగా సరిపోతుంది. క్రిమినల్ కేసు విచారణ వేరు. ఒక సాక్షి చెబుతుంటే తర్వాతి సాక్షిని బయట కూర్చోబెడతారు, మొదటివాడి మాట విని తన మాట దిద్దుకోకుండా. దాన్ని ప్రసారం చేస్తే బయట కూర్చోబెట్టి ప్రయోజనం ఏముంది? అందుకే దాన్ని విచారణ అనే అనాలి, టీవీలో మాత్రం చూపకూడదు.