పదేళ్ల పాపను ఎంట్రన్స్ కోచింగ్ హాస్టల్‌కు పంపాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా పాప ఇంగ్లిష్ మీడియంలో ఐదో తరగతి చదువుతోంది. వచ్చే నవంబరుకు పదేళ్లు నిండుతాయి. సైనిక్ స్కూల్లో చేరాలని తనకే బాగా ఇష్టం. ఒక కోచింగ్ సెంటర్‌లో మోడల్ టెస్ట్ రాయిస్తే 300కు 140 వచ్చాయి. లెక్కల్లో 50కి 20, ఇంగ్లిష్‌లో 25కి 16, రీజనింగ్‌లో 14, జీకేలో 10 ప్రశ్నలు కరెక్ట్. లెక్కల్లో 12 ప్రశ్నలు ముట్టుకోనేలేదు. ఇలాగైతే సీటు రాదని, పరీక్ష అయ్యేదాకా వాళ్ల హాస్టల్‌లోనే ఉంచమని, స్కూలు అటెండెన్స్ సంగతి వాళ్లే చూసుకుంటామని అంటున్నారు. ఫీజు లక్షకు పైనే. ఆదివారంలోగా అడ్వాన్సు కట్టాలట. పాప ఆ మార్కులు చూసి రెండు రోజులు సరిగా తినలేదు. ఇక్కడే మరో పెద్ద ప్రైవేటు స్కూలు కూడా ఆరో తరగతికి టెస్ట్ పెడుతోంది. రెండింటికీ ప్రిపేర్ చేయించాలా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ అడ్వాన్సు కట్టకండి. ఆదివారం గడువు ఉందన్నారు కాబట్టి ముందు ఈ మాట చెప్పేసి, కారణాలు తర్వాత రాస్తున్నాను.

పదేళ్లైనా నిండని పాపను ఐదో తరగతి మధ్యలో స్కూలు మాన్పించి, వెళ్లనిచోట వెళ్లినట్టు అటెండెన్స్ వేయించడం తప్పు. రేపు ఐదో తరగతి ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఆ స్కూలే. అంతకన్నా ముఖ్యమైనది, ఈ పరీక్షకు కావలసిన చదువు ఇంట్లో రోజుకు గంటన్నర కూర్చుంటే సరిపోతుంది. సీటు వచ్చినా రాకపోయినా ఈ ఏడాది పాపకు ఉపయోగపడాలి. ఏ పుస్తకం కొన్నా, ఏ టెస్ట్ రాయించినా ఆ లెక్కన చూసుకోండి. హాస్టల్‌లో ఎనిమిది నెలలు బిట్లు బట్టీ పట్టాక సీటు రాకపోతే చేతిలో ఏమీ మిగలదు. లెక్కలు గట్టిపడి, చదివింది అర్థం చేసుకునే అలవాటు వస్తే అది ఏ స్కూల్లోనైనా పనికొస్తుంది.

ఇక మార్కుల సంగతి. 140 చూసి ఎవరూ భయపడక్కర్లేదు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి ఎంట్రన్స్ పేపర్‌లో 125 ప్రశ్నలు, 150 నిమిషాలు. లెక్కలు 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, అంటే 150. భాష, రీజనింగ్, జీకే ఒక్కోటి 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కుల చొప్పున 50. అర్హతకు ప్రతి భాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం, అంటే 120 కావాలి. మీ పాప సరిగ్గా మొదలుపెట్టకముందే ఆ గీత దాటింది. అయితే అర్హత వేరు, సీటు వేరు. సీట్లు మెరిట్ ప్రకారం నింపుతారు. అమ్మాయిలకు ఒక్కో స్కూల్లో ఆరో తరగతిలో పది సీట్లు లేదా మొత్తంలో పది శాతం, ఏది ఎక్కువైతే అన్ని కేటాయిస్తారు. కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. 140 దగ్గర ఆగితే కుదరదు.

ఆ పోయిన 160 మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. జీకేలో 30, రీజనింగ్‌లో 22, ఇంగ్లిష్‌లో 18, లెక్కల్లో 90. సగానికి పైగా ఒక్క లెక్కల్లోనే. కోచింగ్ సెంటర్లు మాత్రం పొద్దున్నే కూర్చోబెట్టి జీకే బిట్లు చెప్పిస్తాయి. పాప గడగడా అప్పజెబుతుంటే తల్లిదండ్రులకు చదువు సాగుతున్నట్టు అనిపిస్తుంది. మార్కులున్నది ఇంకోచోట.

లెక్కల్లో తప్పుపోయిన ముప్ఫై ప్రశ్నలను ఈ ఆదివారం పాపతో కలిసి మళ్లీ తీయండి. టైమ్ పెట్టకండి, కోప్పడకండి. ఒక్కో ప్రశ్న ఎందుకు పోయిందో పక్కన ఒక్క మాటలో రాయించండి: 'నేర్చుకోలేదు', 'సరిగా చదవలేదు', 'కూడిక తప్పు', 'టైమ్ లేదు'. ఉదాహరణకు 240 రూపాయలకు కొన్న వస్తువును 300కు అమ్మితే లాభశాతం ఎంత అని అడిగారనుకోండి. జవాబు 25. చాలామంది పిల్లలు 20 పెడతారు, ఎందుకంటే 60ని అమ్మిన వెలతో భాగిస్తారు. ఆప్షన్లలో ఆ 20 కూడా ఉంటుంది. ఇలాంటి లెక్కలు ఇంకో యాభై చేయించినా అదే తప్పు మళ్లీ వస్తుంది. లాభం ఎప్పుడూ కొన్న వెల మీద లెక్కిస్తామని ఒక్కసారి అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెబితే ఆ గొడవే ఉండదు. ఈ తప్పులన్నిటికీ ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ఆదివారం కొత్త పేపర్ కన్నా ముందు పాత తప్పులు మళ్లీ చేయాలి. నా మాట విని ఒక్కటే చేస్తానంటే ఈ పని చేయండి, మిగతావన్నీ దీని తర్వాతే.

'నేర్చుకోలేదు' అని రాసినవి ఎక్కువ ఉంటే అది పాప తప్పు కాదు. ఈ సిలబస్‌లో లాభనష్టాలు, సాధారణ వడ్డీ, శాతాలు, నిష్పత్తి, వేగం-కాలం, కోణాలు, ఘనపరిమాణం ఉన్నాయి. వీటిలో చాలా వరకు స్కూళ్లలో ఆరు, ఏడు తరగతుల్లో గానీ రావు. అందుకే పద్ధతిగా వెళ్లండి. జూలై, ఆగస్టుల్లో భిన్నాలు, దశాంశాలు, గుణకారం, భాగహారం వేగంగా తప్పుల్లేకుండా వచ్చేయాలి. భిన్నాలు రాకుండా శాతాలకు వెళ్తే అన్నీ సూత్రాల బట్టీ అయిపోతాయి. సెప్టెంబరు నుంచి శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, ఆ తర్వాత వైశాల్యం, కోణాలు. మీకు గానీ వాళ్ల నాన్నగారికి గానీ చెప్పే ఓపిక లేకపోతే దగ్గర్లో లెక్కలకు మాత్రం ఒక ట్యూషన్ పెట్టించండి. అది తప్పేమీ కాదు. మంచి లెక్కల టీచరు వారానికి మూడు రోజులు చెబితే చాలు.

పేపర్ ఏ భాషలో రాయాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆరో తరగతి పరీక్ష తెలుగుతో కలిపి 13 భాషల్లో ఉంటుంది. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడుతుంది కదా అని కొందరు తెలుగు ఎంచుకుంటారు. ఇంగ్లిష్ మీడియం పాపకు హెచ్‌సీఎఫ్, ఎల్‌సీఎం తెలుసు గానీ పేపర్‌లో గసాభా, కసాగు అని కనిపిస్తే ఆగిపోతుంది. లెక్కలు ఏ భాషలో నేర్చుకుంటోందో అందులోనే రాయనివ్వండి.

ఇంగ్లిష్‌కు గ్రామర్ గైడ్ల కన్నా రోజూ ఇరవై నిమిషాలు కథల పుస్తకం చదివించడం మేలు. చదివాక ఏం జరిగిందో మీకు తెలుగులో చెప్పమనండి. అర్థం చేసుకుందో లేదో అప్పుడే తెలుస్తుంది. లెక్కల్లో 'సరిగా చదవలేదు' అన్న తప్పులు కూడా దీంతో తగ్గుతాయి. అశోక్‌నగర్‌లోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒక్కసారి తీసుకెళ్లినా పుస్తకాల మధ్య కూర్చోవడం అంటే ఏమిటో పాపకు తెలుస్తుంది.

జీకే విషయంలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. చార్మినార్ 1591లో ఎవరు కట్టించారో పుస్తకంలో వంద సార్లు చదివే బదులు, గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కో ఆదివారం చూపించండి. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉందని చెప్పి అక్కడి నుంచి త్రివిధ దళాలు, వాటి హోదాల మీదికి మాట మళ్లించండి. ఆర్మీలో జనరల్ అయితే నేవీలో ఎవరు, ఎయిర్‌ఫోర్స్‌లో ఎవరు అని అడుగుతూ పోతే తనకు ఇష్టమైన విషయం కాబట్టి తనే వెతుక్కుంటుంది. రీజనింగ్ అభ్యాసంతో వచ్చేస్తుంది, రోజుకు పదిహేను నిమిషాలు చాలు.

పూర్తి పేపర్లు దసరా సెలవుల దాకా వద్దు. ఇప్పుడే వారం వారం 300కు రాయిస్తే నేర్చుకోని పాఠాల మీద మార్కులు పోయి పాప ధైర్యం పోతుంది. దసరా నుంచి రెండు వారాలకు ఒకటి, డిసెంబరులో వారానికి ఒకటి పెట్టండి. బతుకమ్మ ఆడే రోజులు మాత్రం ఆడుకోనివ్వండి. పేపర్ రాసేటప్పుడు ఓఎంఆర్ షీట్ (జవాబులకు గుండ్రాలుండే కాగితం) మీద బాల్ పెన్‌తో గుండ్రాలు నింపించాలి, నోట్‌బుక్‌లో ఏబీసీడీ రాయించడం కాదు. చిన్న పిల్లలు ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును దాని గుండ్రంలో నింపేస్తారు, అక్కడి నుంచి వరుసంతా తప్పుతుంది. భాష, రీజనింగ్, జీకే కలిపి 55 నిమిషాల్లో పూర్తయితే లెక్కలకు 95 నిమిషాలు మిగులుతాయి. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు కోయరు. మీ పాప వదిలేసిన ఆ పన్నెండింటికీ ఏదో ఒకటి నింపి ఉండాల్సింది. ఒక్క గుండ్రం కూడా ఖాళీగా ఉంచకూడదని ఇప్పటి నుంచే అలవాటు చేయండి.

పరీక్ష తేదీని మనసులో గట్టిగా పెట్టుకోకండి. 2023లో జనవరి 8న, 2024లో జనవరి 28న జరిగింది, 2025లో ఏప్రిల్ 5కు వెళ్లింది. జనవరికి సిద్ధమవుదాం, వాయిదా పడితే అదనంగా సమయం దొరికిందనుకుందాం అని పాపకు చెప్పి ఉంచండి.

పాపకే ఇష్టం అని రాశారు, సంతోషం. అయితే ఇష్టం దేని మీదో మెల్లగా అడగండి. యూనిఫాం, పరేడ్ మీద ఉన్న ఇష్టం సహజమే. పొద్దున్నే పీటీ, తన బట్టలు తనే సర్దుకోవడం, అమ్మను చూడాలంటే సెలవుల దాకా ఆగడం, ఇవి కూడా ఉంటాయని చెప్పాలి. వీలైతే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలును బయటి నుంచైనా చూపించి రండి. 1962లో మొదలైన స్కూలు అది, విజయనగరం రాజా పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో నడుస్తోంది. ఆ ప్రయాణంలో పాప అడిగే ప్రశ్నలను బట్టే మీకు చాలా తెలుస్తుంది. ఈలోగా తల దువ్వుకోవడం, బ్యాగు సర్దుకోవడం, అమ్మమ్మ ఇంట్లో మీరు లేకుండా నాలుగు రోజులు ఉండటం అలవాటు చేయండి. అన్నీ చూశాక కూడా వెళ్తానంటే నిశ్చింతగా పంపండి. భయమేస్తోంది అంటే ఆ మాటను కూడా గౌరవించండి. తొమ్మిదో తరగతిలో ఇంకో అవకాశం ఉంటుంది. అప్పుడు సీట్లు ఖాళీలను బట్టి ఉంటాయి, పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది.

ఒక విషయం మీరూ మీ వారూ తెలుసుకోవాలి. సైనిక్ స్కూలు ఉచిత విద్య కాదు. ఫీజు ఉంటుంది, ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్‌లు ఉంటాయి. అక్కడ చదివినంత మాత్రాన ఎన్‌డీఏలో, అంటే త్రివిధ దళాల అధికారులకు శిక్షణ ఇచ్చే అకాడమీలో, సీటు రాదు. యూపీఎస్సీ రాత పరీక్ష, ఎస్ఎస్‌బీ (సైనికాధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ, మెడికల్ అందరిలాగే దాటాలి.

రెండో స్కూలు గురించి. విద్యాహక్కు చట్టం 2009లోని 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోసి చేర్చుకోకూడదు. మొదటిసారి ఉల్లంఘిస్తే 25 వేల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. మైనారిటీ సంస్థల స్కూళ్లకు 2014 సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టం వర్తించదు. కాబట్టి ఆ స్కూలువాళ్లను, ఈ టెస్ట్ సీటు ఇవ్వడానికా లేక పాప స్థాయి తెలుసుకోవడానికా అని రాతపూర్వకంగా అడగండి. దానికోసం విడిగా కోచింగ్ మాత్రం వద్దు. పైన చెప్పిన లెక్కలు, చదవడం వస్తే అదీ రాసేస్తుంది. ఇప్పుడున్న స్కూల్లో పాపకు స్నేహితులు, మంచి టీచర్లు ఉంటే ఆరో తరగతికి అక్కడే ఉంచడానికి కూడా మొహమాటపడకండి.

చివరగా కాగితాలు. చేరే సంవత్సరం మార్చి 31 నాటికి పాపకు పదేళ్లు నిండి, పన్నెండు దాటకుండా ఉండాలి. నవంబరుకు పది నిండుతున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. మీరు బీసీ అయితే రాష్ట్ర సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీసేవలో ముందే పెట్టుకోండి. సైనిక్ స్కూళ్లలో సాధారణంగా 67 శాతం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు, 33 శాతం బయటివాళ్లకు వెళ్తాయి. మీరు ఎంచుకునే స్కూల్లో తెలంగాణ పిల్లలు ఏ వాటాలోకి వస్తారో ఆ ఏడాది పరీక్ష సమాచార బులెటిన్‌లో చదివాకే ఆప్షన్ పెట్టండి. రాత పరీక్ష తర్వాత మెడికల్ ఉంటుంది కాబట్టి కళ్లు, చెవులు ఇప్పుడే ఒకసారి చూపించండి. దరఖాస్తు మీరే నింపండి, అందులో మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిలే ఇవ్వండి. కోచింగ్ సెంటర్ నంబరు ఇస్తే రేపు కౌన్సెలింగ్‌లో ఓటీపీ వాళ్లకే వెళ్తుంది, మీ పాప ఏ స్కూలుకు వెళ్లాలో మీకన్నా ముందు వాళ్లు నిర్ణయిస్తారు.