పన్నెండో గుడికి వెళ్ళే రోజు

తల్లీ,

నువ్వు జపాన్‌లోని షికోకు ద్వీపం నడకకు టికెట్లు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలమరలోంచి, అక్కడ గుడిగుడికీ ముద్ర వేయించుకున్న నా పుస్తకం తీసి, పేజీలు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాను. 88 గుళ్ళు, సుమారు 1200 కిలోమీటర్లు, సముద్రం నడుమ ఉన్న ఒక నేలకు కాలినడకన ప్రదక్షిణ. దాన్నంతా ఒక ఉత్తరంలో పెట్టడం నా వల్ల కాదు. అందుకని ఒకే ఒక్క రోజు గురించి రాస్తాను. నువ్వు మొదటి గుడి దగ్గర బయల్దేరిన మూడో రోజున అది వస్తుంది. 11వ గుడి ఫుజియిదెరా నుంచి 12వ గుడి షోసంజికి వెళ్ళే కొండదారి. దూరం 13 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. ఆ అంకెను నమ్మకు.

ఈ దారికి హెన్రో కొరొగాషి అని పేరు. హెన్రో అంటే యాత్రికుడు, కొరొగాషి అంటే దొర్లించేది. దారి పొడుగునా బాగా నిటారుగా ఉన్నచోట్ల ఆ పేరు రాసి, ఆరింటిలో ఒకటి, ఆరింటిలో రెండు అని బోర్డులు పెట్టారు. గట్టి కాళ్ళకు 5 గంటలు, మామూలు కాళ్ళకు 6, బలహీనమైన కాళ్ళకు 8 అని అక్కడివాళ్ళ లెక్క. నువ్వు ఎనిమిది అనే అనుకో. ఎంత చురుగ్గా నడిచేదానివైనా సరే ఎనిమిదే అనుకో.

ఎందుకో చెబుతాను. ఫుజియిదెరా దాదాపు 40 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గర్భగుడి పక్కనుంచే దారి అడవిలోకి మొదలవుతుంది. మొదట చోదోఅన్ అనే చిన్న గుడి, అక్కణ్ణించి ఎక్కుతూ దిగుతూ ర్యూసుయ్‌అన్, ఆ తర్వాత 745 మీటర్ల దగ్గర జోరెన్‌అన్. అక్కడ రాతిమెట్ల పైన, పెద్ద సుగి చెట్టు (జపాన్ దేవదారు) ముందు కోబో దైషి అనే పాతకాలపు సన్యాసి విగ్రహం నిలబడి ఉంటుంది. కింద మెట్ల దగ్గర తల వంచుకుని రొప్పుతున్నవాళ్ళు తల ఎత్తేసరికి ఆయన ఎదురుగా ఉంటాడు. నేను మొదటిసారి అక్కడ ఏడ్చాను. వచ్చేశాననుకున్నాను. పొట్లంలో మిగిలిన అన్నంముద్దలు రెండూ తినేసి, నీళ్ళన్నీ తాగేసి, కాళ్ళు బారజాపుకుని అరగంట కూర్చున్నాను.

అసలు కష్టం ఆ తర్వాత ఉందమ్మా. జోరెన్‌అన్ నుంచి దారి సౌచి అనే పల్లెదాకా సుమారు 400 మీటర్లకు దిగిపోతుంది. కష్టపడి సంపాదించుకున్న ఎత్తంతా కళ్ళముందే కరిగిపోతుంది. మళ్ళీ అక్కణ్ణించి 700 మీటర్ల పైనున్న షోసంజికి ఎక్కాలి. ఆ చివరి ఎక్కుడే చాలా నిటారు. అప్పటికి నా దగ్గర తిండీ లేదు, నీళ్ళూ లేవు, పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. పది అడుగులు వేయడం, చెట్టుకు ఆనుకోవడం. గుడి చేరేసరికి సాయంత్రం 4 గంటల 50 నిమిషాలు. ముద్ర వేసే కచేరీ 5 గంటలకు మూసేస్తారు. దేవుడికి దణ్ణం పెట్టకముందే ముద్ర కోసం పరుగెత్తాల్సి వచ్చింది. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ దారిని జోరెన్‌అన్ దగ్గర సగంగానే లెక్కపెట్టుకున్నాను. నువ్వూ అలాగే లెక్కపెట్టుకో. ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి నీ తిండిలో సగం, నీళ్ళలో సగం, అన్నిటికన్నా ముఖ్యంగా నీ బలంలో సగం మిగిలి ఉండాలి. మిగల్లేదంటే పొద్దున తొందరపడ్డావని అర్థం. ఫుజియిదెరా వెనక మొదటి ఎక్కుడులో నిన్ను దాటిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. పోనివ్వు. పక్కన మనిషి ఉంటే ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడువు. మాటలు తెగుతున్నాయంటే వేగం ఎక్కువైనట్టే.

నువ్వు వెళ్ళేది నవంబర్‌లో. చలి మంచిదే, ఎండదెబ్బ భయం ఉండదు. కానీ పొద్దు తొందరగా వాలిపోతుంది. సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి, సుగి చెట్ల కింద ఇంకా ముందే. అందుకని తెల్లవారగానే బయల్దేరాలి. ఇక్కడొక చిక్కుంది. నేను నడిచిన రోజుల్లో ముద్రల కచేరీ పొద్దున 7 గంటలకే తెరిచేవారు. 2024 ఏప్రిల్ నుంచి 8 గంటలకు మార్చారు. (ముద్రకు 300 యెన్లు ఉండేది కూడా 500 చేశారు. నగదే ఉంచుకో, చిల్లర కూడా.) ఫుజియిదెరా ముద్ర కోసం పొద్దున ఎనిమిదిదాకా ఆగావంటే వెలుతురున్న రెండు గంటలు పోగొట్టుకున్నట్టే. ముందురోజు సాయంత్రం ఐదులోపు అక్కడికి చేరి, పూజా ముద్రా ముగించుకుని, కింద కామోజిమా ఊళ్ళో పడుకో. తెల్లారి నేరుగా కొండ ఎక్కడమే.

దారిలో అంగళ్ళు ఉండవు. తిండి ముందురోజు రాత్రే కొనుక్కో. అన్నంముద్దలు నాలుగు, ఉప్పగా ఏదైనా, తీపి ఏదైనా. నీళ్ళు రెండు లీటర్లతో మొదలుపెట్టు. ర్యూసుయ్‌అన్ పేరులోనే నీళ్ళున్నాయి. దైషి విల్లో కొమ్మతో అక్కడ నీళ్ళు పుట్టించాడని చెప్పుకుంటారు. ఆ నీళ్ళ భరోసాతో సీసాలు ఖాళీగా మాత్రం తీసుకెళ్ళకు.

మూట బరువు నీ బరువులో పదో వంతు దాటకూడదు. నువ్వు సర్దుకున్నాక ఒకసారి తూచి చూడు. తర్వాత అందులోంచి మూడు వస్తువులు తీసెయ్యి. ఏవి తియ్యాలో నీకే తెలుస్తుంది. మేజోళ్ళు మాత్రం తగ్గించకు. జోరెన్‌అన్ దగ్గర తడిసినవి విప్పి పొడివి వేసుకుంటే దిగుడులో బొబ్బలు రావు. ఎక్కేటప్పుడు గుండె అలుస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళు అరుగుతాయి. సౌచి వైపు దిగుడులో రాలిన ఆకుల కింద రాళ్ళు నున్నగా ఉంటాయి. ముందు కర్ర, తర్వాత కాలు. అడుగులు చిన్నగా.

కర్ర గురించి చెప్పాలి. దాన్ని కొంగోజుయె అంటారు. మొదటి గుడి దగ్గరే కొనుక్కుంటావు. దానిమీద, నీ టోపీ మీద కూడా "దోగ్యో నినిన్" అని ఉంటుంది, ఇద్దరి ప్రయాణం అని. ఆ రెండో మనిషి కోబో దైషి. అసలు పేరు కూకై. 774లో ఆ ద్వీపంలోనే పుట్టి, 804లో చైనా వెళ్ళి మంత్రమార్గం నేర్చుకుని వచ్చిన సన్యాసి. ఆ కర్రే ఆయన అని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే రాత్రి బసకు చేరగానే నీ కాళ్ళకన్నా ముందు కర్ర మొన కడగాలి. వంతెన మీద కర్ర ఆనించకూడదు, చేత్తో పట్టుకుని దాటాలి. ఆయన ఒకసారి వంతెన కింద చలిలో పడుకున్నాడట, ఇప్పుడూ కింద ఉంటే కర్ర చప్పుడుకు ఆయన నిద్ర చెడుతుందని. ఈ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వెయ్యేళ్ళ కింద పోయిన మనిషి నిద్ర గురించి ఇవాళ్టికీ ఒక ద్వీపమంతా జాగ్రత్తపడుతోంది.

తెల్ల అంగీ తప్పకుండా వేసుకో. అది పాతకాలంలో శవవస్త్రం. దారిలో పోతే అక్కడే పూడ్చడానికి, కర్ర సమాధికి గుర్తుగా నిలబెట్టడానికి. ఆ అడవిలో నాచు పట్టిన చిన్న చిన్న సమాధులు కనిపిస్తాయి, ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టు. తెలుపు వల్ల ఇంకో మేలుంది. అక్కడి పెద్ద కందిరీగలు నలుపు మీదికి వస్తాయి. చలి బాగా ముదిరేదాకా అవి తిరుగుతూనే ఉంటాయి. చుట్టూ ఒకటి తిరుగుతుంటే చేతులు విసరకు, వంగి మెల్లగా వెనక్కి వచ్చెయ్యి.

దారి తప్పుతావని భయపడకు. కొమ్మలకు ఎర్ర గుడ్డపీలికలు, చెక్క పలకలు, చెయ్యి చూపించే పాత రాళ్ళు ఉంటాయి. షికోకు దారుల్లో అలాంటి రాళ్ళు చాలావాటిని నిలబెట్టినవాడు నకత్సుకాసా మొహెయ్. 1845లో పుట్టాడు, 1922లో పోయేలోపు ఆ ద్వీపాన్ని 280 సార్లు చుట్టాడు. ఫోన్ పటం కన్నా ముందు రాయిని చూడు. చాలాసేపు ఏ గుర్తూ కనిపించకపోతే ముందుకు పోవద్దు, చివరి గుర్తు దాకా వెనక్కి రా.

ఇక సౌచి పల్లె. ఆ దిగుడు అడుగున నాలుగు ఇళ్ళు, మెట్ల పొలాలు. మొదటిసారి అక్కడ ఒక ముసలావిడ ఇంట్లోంచి వచ్చి రెండు కమలాపళ్ళు నా చేతిలో పెట్టబోయింది. మనింటి అలవాటు కదా, "వద్దండీ, పర్వాలేదు" అన్నట్టు చేతులు ఊపాను. మనవాళ్ళైతే రెండోసారి బతిమాలతారు, మూడోసారి తీసుకుంటాం. ఆవిడ బతిమాలలేదు. ముఖం చిన్నబోయింది, పళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ దానాన్ని ఒసెత్తాయి అంటారని, అది నాకు కాదు నాతో నడుస్తున్న దైషికి ఇస్తున్నారని, కాదనకూడదని ఆ రాత్రి బసలో ఎవరో చెప్పారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ఇల్లు తలుపులు మూసి ఉంది. నువ్వు మాత్రం ఎవరేమిచ్చినా రెండు చేతులా తీసుకో. బదులుగా నీ పేరు రాసిన ఒసామెఫుదా చీటీ ఒకటి ఇవ్వు. మొదటి నాలుగుసార్ల యాత్రికులకు తెల్ల చీటీలు, అవే కొనుక్కో. ఓ పది చీటీలు రాసి జేబులో పెట్టుకో, మూట విప్పి వెతుక్కునేలా ఉండకూడదు.

ఆ పల్లెలో తిని, నీళ్ళు తాగి, ఆఖరి ఎక్కుడు మొదలుపెట్టు. మధ్యాహ్నం రెండులోపు అక్కడ ఉంటే నువ్వు క్షేమం. మూడు దాటితే ఎక్కడా ఆగకు.

షోసంజి అంటే మండే కొండ గుడి. నిప్పులు కక్కే పామొకటి కొండను తగలబెడుతుంటే కూకై ఎక్కి దాన్ని అణిచాడని కథ. గుడి ముందు సుగి చెట్లు ఎంత పెద్దవంటే వాటి కింద మనుషులు గొంతు తగ్గించి మాట్లాడతారు. చేతులు కడుక్కుని, గంట కొట్టాలనుకుంటే లోపలికి వెళ్ళేటప్పుడే కొట్టు, తిరిగొచ్చేటప్పుడు కొట్టకూడదు. కొవ్వొత్తిని పక్కవాళ్ళ కొవ్వొత్తితో వెలిగించకు. గర్భగుడి ముందు నిలబడి వాళ్ళు చదివే మంత్రం విను. "నోబో అక్యాషా క్యారబాయ" అని వినిపిస్తుంది. మొదట అర్థం కాదు, కాసేపటికి ఒళ్ళు జలదరిస్తుంది. అది నమో ఆకాశగర్భాయ, తల్లీ. అక్కడి దేవుడు ఆకాశగర్భ బోధిసత్వుడు. అంత దూరంలో, అంత అలసటలో, మనకు తెలిసిన మాట ఆ కొండమీద వినిపిస్తే ఎలా ఉంటుందో నువ్వే చూస్తావు. నీ గొంతుతో నువ్వు మన పలుకుబడిలోనే చదువు. ఎవరూ ఏమీ అనరు.

బస ముందే మాట్లాడుకుని ఉండాలి. కొండ కింద గదులు తక్కువ, చీకట్లో వెతుక్కునే చోటు కాదది. దిగే దారిలో దాదాపు రెండు కిలోమీటర్ల తర్వాత జోషిన్‌అన్ వస్తుంది. భిక్షకు వచ్చిన దైషిని తరిమేసి, ఆయన్ని క్షమాపణ అడగడానికి ద్వీపం చుట్టూ ఇరవై చుట్లు తిరిగి, ఇరవై ఒకటోసారి వ్యతిరేక దిశలో నడిచిన ఎమోన్ సబురో అనేవాడు ఆయన్ని కలిసి ప్రాణం విడిచింది అక్కడేనంటారు. ఓపిక ఉంటే కాసేపు కూర్చో. లేకపోతే తెల్లారి చూడొచ్చు, బస దగ్గర్లోనే ఉంటే.

బూట్లు ఇప్పుడే కొని నెలరోజులు రోజూ వేసుకుని తిరుగు. మేడ మెట్లు ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ సాధన చెయ్యి. బస చేరాక కర్ర కడిగి, రెండు ముక్కలు రాసి పంపు. సౌచిలో ఆ ఇంటి తలుపు తెరిచి ఉందో లేదో కూడా రాయి.

ప్రేమతో
పెద్దమ్మ