సమస్యతో పాఠం మొదలుపెట్టే పద్ధతి మన కాలేజీల్లో పనిచేస్తుందా?

మీ ప్రశ్న ఇది: "మా డిపార్ట్‌మెంటులో ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ పెట్టమంటున్నారు. సిలబస్ ముగించేదానికే టైం చాలడం లేదు. పిల్లలకు నిజంగా లాభం ఉందా, లేక అక్రెడిటేషన్ (కాలేజీకి ఇచ్చే నాణ్యత గుర్తింపు) ఫైళ్ళ కోసమేనా?"

నేను అనంతపురంలో సివిల్ బ్రాంచికి వాటర్ రిసోర్సెస్ చెబుతాను. కొన్నేళ్ళుగా ఆ సబ్జెక్టులో కొంత భాగం ఈ పద్ధతిలోనే నడుపుతున్నాను. లాభం ఉంది, నాకు అందులో అనుమానం లేదు. కానీ సబ్జెక్టు మొత్తాన్నీ ఇలా చెప్పాలంటే మాత్రం మన దగ్గర కుదరదు.

ముందు ఒక తేడా చూడండి. పాఠమంతా చెప్పి, చివర్లో ఒక లెక్క ఇచ్చి చేయమనడం ఈ పద్ధతి కాదు. ఇక్కడ సమస్యే ముందు వస్తుంది. దాన్ని విప్పాలంటే తమకు ఏం తెలియదో పిల్లలే గుర్తించి, వెతికి, చదువుకుని వస్తారు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులకు ఇలా మొదలుపెట్టింది. తర్వాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ దీన్ని ఏడు మెట్ల పద్ధతిగా దిద్దింది. రెండు చోట్లా చిన్న చిన్న గుంపులు, గుంపుకో ట్యూటర్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన ఇబ్బంది చాలావరకు ఇక్కడే ఉంది.

నేను ఇచ్చే సమస్య ఇది. నాలుగు వందల మంది ఉండే హాస్టల్, మిద్దె వైశాల్యం పదిహేను వందల చదరపు మీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మిద్దె మీద పడే నీళ్ళతో హాస్టల్ గడుస్తుందా? ఇంతకుమించి ఏమీ చెప్పను. ఫార్ములా బోర్డు మీద రాయను.

మొదటి గంట గందరగోళమే. ఒకరు మిల్లీమీటర్లను లీటర్లుగా ఎట్లా మార్చాలంటారు, ఇంకొకరు మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలంటారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇంకిపోయేది, ఆవిరయ్యేది తీసేస్తే కాంక్రీటు మిద్దె నుంచి ఎనభై శాతం దాకా చేతికొస్తుందని పుస్తకంలో వెతికి తెచ్చుకుంటారు. అంటే ఏడాదికి 6,60,000 లీటర్లు. పట్నంలో మనిషికి 135 లీటర్ల లెక్కన వాడితే రోజుకు 54,000 లీటర్లు కావాలి. అంత నీరూ పన్నెండు రోజులకే ఖాళీ. క్లాసంతా నీరుగారిపోతుంది.

ఒకసారి రాయదుర్గం వైపు నుంచి వచ్చిన పిల్లోడు ఒకడు అప్పుడే లేచాడు. "సార్, స్నానాలకు, బట్టలు ఉతికేకి వాననీళ్ళు ఎందుకు సార్? బోరు నీళ్ళు ఉండాయి గదా. మాకు ఫ్లోరైడు భయం తాగే నీళ్ళకే. తాగేకి, వంటకు మాత్రం లెక్కేస్తే?" మనిషికి ఐదు లీటర్లు అనుకుంటే రోజుకు రెండు వేల లీటర్లు. 330 రోజులకు వస్తుంది! ఆ వెంటనే ఇంకో అమ్మాయి, "వాన ఏడాదంతా పడదు గదా సార్, అన్ని నీళ్ళు పెట్టేకి తొట్టి ఎంతది కట్టాల?" అంది. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు వాన దాదాపు లేదనుకుంటే 3,60,000 లీటర్లు నిల్వ ఉండాలి. పన్నెండు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు. దాన్ని హాస్టల్ పెరట్లో ఎక్కడ కడతారు, తొలి వానకు మిద్దె మీది దుమ్ము అందులో పడకుండా ఏం చేస్తారు, కరువు ఏడాది వాన సగానికి పడిపోతే ఏమిటి గతి? ప్రశ్న వెంట ప్రశ్న వాళ్ళే వేసుకున్నారు. నేను లెక్చరు చెప్పి ఉంటే ఇన్ని ప్రశ్నలు వచ్చేవి కావని గట్టిగా చెప్పగలను.

ఆ ఇద్దరూ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. మామూలు క్లాసులో నోరు విప్పరు. ఈ పద్ధతిలో మాట్లాడేవాళ్ళదే రాజ్యం కాబట్టి, చర్చ ఇంగ్లీషులోనే జరగాలని పట్టుబడితే పట్నం పిల్లలు నలుగురే అంతా నడిపేస్తారు. పల్లె పిల్లలకు బోరు ఎండటం, ట్యాంకరు కోసం బిందెలు వరుసబెట్టడం కళ్ళతో చూసిన విషయాలు. ఆ తెలివి క్లాసులోకి రావాలంటే తెలుగులో మాట్లాడనివ్వాలి. రిపోర్టు ఇంగ్లీషులో రాయమనండి, చర్చను మాత్రం వదిలేయండి. ఈ పద్ధతి గురించి నేను గట్టిగా నమ్మే మాట ఇదొక్కటే.

ఇక నష్టాలు. పునాది లేనివాళ్ళకు ఇది పనికిరాదు. హైడ్రాలజీలో (వాన, నీటి ప్రవాహాల శాస్త్రంలో) మొదటి యూనిట్ రాని పిల్లలకు సమస్య ఇస్తే ఫోన్లో దొరికింది కాపీ కొట్టి తెస్తారు. దాన్ని తప్పుపట్టలేం, వాళ్ళకు వేరే దారి మనం చూపలేదు. వైద్య కళాశాలల మీద 1993లో వచ్చిన ఆల్బనీస్, మిచెల్ సమీక్ష కూడా ఇలాంటిదే చెప్పింది: రోగిని చూసే పనిలో ఈ పద్ధతిలో చదివిన విద్యార్థులు ఎవరికీ తీసిపోలేదు, కొన్నిసార్లు మెరుగు కూడా, కానీ బేసిక్ సైన్స్ పరీక్షల్లో కొన్ని చోట్ల వెనకబడ్డారు.

సెక్షనుకు అరవై మంది, లెక్చరర్ ఒక్కరే. ఆరుగురి చొప్పున పది గుంపులు చేస్తే, ఒక గుంపు దగ్గర కూర్చున్నప్పుడు మిగతా తొమ్మిది ఏం చేస్తున్నాయో తెలియదు. ప్రతి గుంపులో ఇద్దరు పనిచేస్తారు, నలుగురు పేర్లు రాయించుకుంటారు. టైం కూడా విపరీతంగా తింటుంది: పై లెక్క మామూలుగా చెబితే ఒక్క గంట, ఇలా అయితే వారం. చివరికి ఎక్స్‌టర్నల్ పరీక్షలో డెబ్బై మార్కులకు అడిగేది డెఫినిషన్లు, డెరివేషన్లే. "ఇది పరీక్షలో వస్తుందా సార్?" అని పిల్లలు అడగడం న్యాయమే. బ్యాక్‌లాగ్ ఉంటే క్యాంపస్ సెలక్షన్లో కూర్చోనివ్వరు, ఆ దిగులు వాళ్ళది.

అందుకే సెమిస్టరుకు ఒక్క యూనిట్ చాలు. అది కూడా మూడో యూనిట్ తర్వాత, పునాది పడ్డాక. ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ లాంటి తొలి సబ్జెక్టుల్లో వద్దు. అక్కడ శుభ్రంగా బోర్డు మీద చెప్పడమే మేలు. రిపోర్టుకు గుంపంతటికీ ఒకే మార్కు వేయకండి. అసైన్‌మెంటుకు ఉండే ఆ కొద్ది మార్కులనూ ఒక్కొక్కరిని పిలిచి, అంకె మార్చి అడిగి వేయండి. "మిద్దె వెయ్యి చదరపు మీటర్లే అయితే?" అంటే చాలు, పేరు రాయించుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. మొదటి రౌండు ఇలా అయ్యాక రెండో రౌండులో గుంపులో అందరూ లెక్క నేర్చుకునే వస్తారు.