జలుబు చేస్తే వాసన, రుచి ఎందుకు పోతాయి?

జలుబులో నాలుక చాలావరకు బాగానే ఉంటుంది. దానికి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం పులుసులో తగిలే కమ్మదనం), అంతే. మిగతా రుచంతా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే వాసనే. ముక్కు గట్టిగా మూసుకుని చాక్లెట్ చప్పరించి చూడండి: తీపి తెలుస్తుంది, చాక్లెట్ అని తెలియదు. వేళ్లు తీయగానే తెలిసిపోతుంది!

మామూలు జలుబులో వాపు, చీమిడి ఆ దారిని మూసేస్తాయి. కోవిడ్‌లో ముక్కు దిబ్బడ లేకున్నా వాసన పోవచ్చు. ఆ వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది వాసన నాడీకణాలను కాదు, వాటిని ఆనుకుని కాపాడే కణాలను. అవి మళ్లీ పుడతాయి, అందుకే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది. టెన్షన్ పడకండి. ఆలస్యమైతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజూ రెండుపూటలా నెలల తరబడి పీల్చే సాధన కొందరికి పనిచేస్తుంది. ఈలోగా గ్యాస్ లీకైనా మీకు తెలియదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.