1868 గురించి రాస్తున్న చెల్లికి

చెల్లీ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది. జపాన్‌లో షోగన్ల (సైనిక పాలకుల) పాలన పోయి అధికారం మేజీ చక్రవర్తి చేతికి రావడం, ఎడో అనే పట్నం పేరు టోక్యో కావడం, ఇథియోపియా రాజు టెవోడ్రోస్ మగ్దలా కోటలో ఇంగ్లీషు సైన్యానికి చిక్కకుండా ప్రాణం తీసుకోవడం, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో పదవి నిలుపుకోవడం, స్పెయిన్ రాణి ఇసబెల్లా ఫ్రాన్స్‌కి పారిపోవడం, అన్నీ పెట్టావు. తేదీలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కానీ చదవడం అయ్యాక నాకు ఒక్క మనిషి కూడా కళ్లముందు నిలబడలేదు.

మొదట్లో నేనూ ఇలాగే రాసేవాణ్ని. తెలిసిందంతా చెప్పేయకపోతే పాఠకుడు చులకనగా చూస్తాడేమోనని టెన్షన్. నీకు ఆ భయం వద్దు. ఏడాదంతా మోయకు, ఒక్క దారం పట్టుకో.

ఆ దారం నీ వ్యాసంలోనే ఉంది, ఒక్క వాక్యంలో తేల్చేశావంతే: "ఆగస్టు 18న గుంటూరులో హీలియం కనుగొన్నారు" అని. ఆ వాక్యం దగ్గర ఆగు. ఆ రోజు విభవ నామ సంవత్సరం శ్రావణ అమావాస్య, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వ్యాపారి మేడ మీద స్పెక్ట్రోస్కోప్ (వెలుగుని రంగుల పట్టీగా, అంటే వర్ణపటంగా విడదీసి చూపే పరికరం) పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడు పూర్తిగా కప్పుకుపోగానే అంచున ఎగసిన జ్వాలల వెలుగులో ప్రకాశమైన గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అనిపించిందతనికి. మబ్బు పట్టి ఆ రోజు కుదరలేదు. మర్నాడు పొద్దున, మామూలు ఎండలో, చూశాడు! అప్పటిదాకా ఆ జ్వాలల్ని చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకుని, ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే పని ముగించుకోవాలి. ఒక్క రాత్రిలో ఆ అవసరం తీరిపోయింది. నువ్వు రాయాల్సింది ఆ రాత్రి గురించి.

హీలియం అన్న పేరు ఆ రోజు ఎవరి నోటా లేదు. వర్ణపటంలోని పసుపు గీత కొత్త మూలకానిదన్న ఊహ ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి వచ్చింది, భూమ్మీద ఆ వాయువు రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సేకి దొరికింది 1895లో. మన ఊరి మీద ప్రేమకొద్దీ ముందే పేరు పెట్టేస్తే అసలు కథ చెడుతుంది. జాన్సెన్ తన సంగతి సెప్టెంబర్ 19న కాకినాడ నుంచి ఉత్తరంగా రాశాడు. గ్రహణం లేకుండానే అదే పని అక్టోబరులో సొంతంగా సాధించిన లాకియర్ కబురు, ఈ ఉత్తరం, రెండూ ఒకే రోజు పారిస్ సైన్స్ అకాడమీకి చేరాయి. ఇద్దరి ముఖాలతోనూ ఫ్రాన్స్ పతకం వేయించింది. ఇది ఎవరైనా కల్పించి రాస్తే నమ్మం, కానీ జరిగింది.

అదే గ్రహణపు నీడ బంగాళాఖాతం దాటి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) చేరింది. అక్కడి రాజు మోంగ్‌కుట్ ఆ గ్రహణాన్ని స్వయంగా లెక్కగట్టి, వా కో అనే అడవి తీరానికి విదేశీ అతిథుల్ని పిలిచి చూపించాడు. లెక్క తప్పలేదు. కానీ అక్కడే మలేరియా సోకి అక్టోబర్ 1న చనిపోయాడు. వెంట వెళ్లిన కొడుకు చులాలాంగ్‌కార్న్ కూడా జ్వరంతో చావుదాకా వెళ్లి బతికి, పదిహేనేళ్ల వయసులోనే రాజయ్యాడు. నాకు ఈ తండ్రి అంటే చాలా ఇష్టం, చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఆయన నీ వ్యాసంలో లేనేలేడు.

జాన్సన్‌ని, ఇసబెల్లాని ఈసారికి వదిలెయ్. గుంటూరు మేడ, వా కో తీరం, మధ్యలో సముద్రం మీద పరుగెత్తిన నీడ, ఇవి పెట్టుకుని మళ్లీ రాయి. రాశాక నాకు పంపేముందు ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ఆపి "తర్వాత?" అన్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు.

నీ అన్నయ్య